పెద్దలలో ధనుర్వాతం

కొనకనమిట్ల మెట్టపొలంలో కాలికి దిగిన తుమ్మముల్లు, మార్కాపురం పలకల గనిలో వేలు కోసిన రాయి చూపుకు స్వల్పమైనవే అయినా, మట్టిలోనూ పశువుల పేడలోనూ ఏళ్ల తరబడి బతికే క్లాస్ట్రీడియం టెటాని అనే బాక్టీరియా బీజాలను గాలి సోకని లోతు గాయంలోకి చేర్చగలవు. అక్కడ పెరిగిన సూక్ష్మజీవులు విడిచే విషం నరాల వెంట వెన్నుపాముకు చేరి, కండరాలను సడలించే సంకేతాలను అడ్డుకోవడం వల్ల, సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో దవడ బిగుసుకొని, మింగడం కష్టమై, చిన్న చప్పుడుకే ఒళ్లు విల్లులా వంగే ఈడ్పులు వస్తాయి.

భారతదేశంలో బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి చేరినట్లు 2015లో ధ్రువీకరణ జరిగింది. అది ఘనవిజయమే. అయితే గర్భిణులకు, పిల్లలకు టీకాలు వేసిన ఆ కృషి పరిధిలోకి వయోజన పురుషులు, వృద్ధులు రాలేదు. వర్ధమాన దేశాల్లో వారికి ముప్పు మిగిలి ఉండడానికి అదొక ముఖ్య కారణం.

నరాలకు అంటుకున్న విషాన్ని ఏ మందూ విడదీయలేదు కనుక, మిగిలిన విషాన్ని విరిచే యాంటీటాక్సిన్ ఇచ్చి, అవసరమైతే వారాల తరబడి వెంటిలేటర్‌తో ఊపిరి నిలపాలి. ఆ వసతి ఉన్నచోట 10–20 శాతంగా ఉండే మరణాలు లేనిచోట ఎన్నో రెట్లు పెరుగుతాయి. కోలుకున్నవారికి సైతం టీకా తప్పనిసరి. గాయాన్ని సబ్బునీటితో కడిగి, పేడ, మట్టి పూయకుండా, వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ధనుర్వాతాన్ని నివారించే టీడీ టీకా గురించి అడగవలసిందిగా శ్రోతలకు విజ్ఞప్తి.