పెద్ద పలక – పదిమంది చూపు



ఫోటో తీయుట నేడు రెప్పపాటు పని. జేబులోని ఫోనును పైకెత్తి వ్రేలితో తాకినంతనే కొండయు, కోనయు, కోటయు అందులో ఒదిగిపోవుచున్నవి. ఇట్టి కాలమున కూడ, ఒక్క ప్రకృతి దృశ్యము కొరకు మణుగు బరువు సామగ్రి మోసికొనిపోయి, ముక్కాలిపీటపై కెమేరా నిలిపి, తలపై నల్లగుడ్డ కప్పుకొని, తగిన వెలుగు కొరకు గంటల తరబడి కాచుకొని యుండువారు ప్రపంచమున పెక్కుమంది ఉన్నారు. ఇది వట్టి ఛాదస్తమా? లేక ఇందు మనము గ్రహింపదగినది ఏమైనను కలదా? ఈ విషయమును గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

వారు వాడునది పెద్ద పలక కెమేరా. దీని ఫిల్ము చుట్టగా ఉండదు; రేకులవలె విడివిడిగా ఉండును. సామాన్యముగ ఆ రేకు 4 అంగుళములు వెడల్పు, 5 అంగుళములు పొడవు. అంతకు పెద్దది 8 అంగుళములకు 10 అంగుళములు. మనము ఎరిగిన 35 మిల్లీమీటరుల ఫిల్ముపై పడు బొమ్మతో పోల్చినచో దీని వైశాల్యము దాదాపు 60 రెట్లు. కనుకనే కొండమీది చెట్టును, వాగులోని గులకరాతిని, దూరపు శిఖరముపై మంచుగీతను ఇది వేరువేరుగ పట్టగలదు. కెమేరా వెనుకనున్న గరుకుటద్దముపై దృశ్యము తలక్రిందులై, కుడియెడమలు తారుమారై కనబడును. కటకపు ద్వారమును మిక్కిలి చిన్నది చేసినచో దగ్గరి రాయి మొదలు దూరపు కొండ వరకు సమస్తమును స్పష్టముగ పడును. కాని వెలుగు తగ్గును. ఎఫ్ 8 వద్ద సెకనులో 64వ వంతు చాలినచోట, ఎఫ్ 64 వద్ద నిండు సెకను కావలెను. ఆ సెకనులో గాలి వీచి కొమ్మ కదలినదా, శ్రమ వ్యర్థము. కనుక ఈ పనిలో తీయుటకన్న చూచుటయే ఎక్కువ.

ఒంటరిగ చూచినది పదిమంది ముందు పెట్టినప్పుడు ఏమగునో చరిత్ర చెప్పుచున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున యోసెమిటీ అను లోయ కలదు. 1861లో కార్లటన్ వాట్కిన్స్ అను ఛాయాగ్రాహకుడు కంచరగాడిదలపై సామగ్రి నెక్కించుకొని అచటికి పోయెను. అతని గాజుపలకలు ఇంచుమించు 18 అంగుళములకు 22 అంగుళములు. ఆ రోజులలో పలకపై మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ తీసి, అక్కడికక్కడనే చీకటి గుడారములో కడుగవలసి యుండెను. అతడు తెచ్చిన చిత్రములు 1862లో న్యూయార్కున ప్రదర్శింపబడెను. ఆ లోయను ఎన్నడును చూడనివారు ఆ చిత్రముల ముందు నిలిచి చూచిరి. 1864 జూన్ 30వ తేదీన ఆ లోయను ప్రజల కొరకు కాపాడు చట్టముపై అధ్యక్షుడు లింకన్ సంతకము చేసెను. ఆ నిర్ణయమునకు తోడ్పడినవానిలో వాట్కిన్స్ చిత్రములను కూడ చరిత్రకారులు లెక్కింతురు.

ఆ వాట్కిన్స్ వృద్ధుడై, చూపు మందగించిన కాలమున, 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపము వచ్చెను. వెంటనే చెలరేగిన మంటలలో అతని చిత్రశాల, అందలి సంపద బూడిద అయ్యెను. నేడు లోకమునకు మిగిలిన అతని చిత్రములు అంతకుముందే ఇతరుల చేతులకు, గ్రంథాలయములకు, ఆల్బములకు చేరినవి. దాచినది దగ్ధమయ్యెను, పంచినది నిలిచెను.

మన దేశమునను ఇట్టి కృషి జరిగినది. 1863లో ఇచ్చటికి వచ్చిన శామ్యూల్ బోర్న్ అను ఆంగ్లేయుడు హిమాలయములలో మూడు పెద్ద యాత్రలు చేసి, 1866లో 18,000 అడుగులకు మించిన మణిరంగ్ కనుమపై చిత్రములు తీసెను. ఆ యాత్రల కష్టసుఖములను ఇంగ్లండులోని ఛాయాచిత్ర పత్రికకు వ్రాసి పంపుచు, తనవంటి వారితో అనుభవమును పంచుకొనెను. అతని గాజుపలకలను, మందుసీసాలను మోసిన కూలీలను కూడ మనము తలచుకొనుట న్యాయము. హైదరాబాదున ఆరవ నిజాము కొలువులో ఉండిన లాలా దీన్ దయాళ్ తీసిన గాజుపలకలు వేల సంఖ్యలో నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ ఉన్నవి.

ఇక చర్చ సంగతి. 1930 ప్రాంతమున ఫోటోను కావలెనని మసకబరచి, వర్ణచిత్రమువలె కనబడునట్లు చేయుటయే కళ అని పలువురు తలచుచుండిరి. కాలిఫోర్నియాలో కొందరు స్నేహితులు దీనికి ఎదురు నిలిచిరి. ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్, విల్లర్డ్ వాన్ డైక్ మున్నగు ఏడుగురు కలిసి, స్పష్టతకు గురుతుగ ఎఫ్ 64 బృందమని పేరు పెట్టుకొనిరి. 1932 నవంబరు 15వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియమున వారి ప్రదర్శన ఆరంభమయ్యెను. విలియం మోర్టెన్సెన్ అను ప్రతిపక్షి, కెమేరాతో యథార్థమునే కాక ఊహను కూడ చిత్రింపవచ్చునని వాదించెను. ఇరుపక్షములును పత్రికాముఖమున తీవ్రముగ తర్కించుకొనిరి. బృందము కొన్ని ఏండ్లకే చెదరిపోయెను. కాని ఆ తర్కము వలన తాము ఏమి చేయుచున్నారో, ఎందుకు చేయుచున్నారో ఇరువురును చెప్పుకొనవలసి వచ్చెను. మెప్పు మాత్రమే దొరకు చోట ఆ మేలు కలుగదు.

మంచి చిత్రమునకైనను తుదిరూపు ఒక్కసారి ఏర్పడదు. 1941లో హెర్నాండెజ్ అను పల్లెపై చంద్రోదయమును ఆడమ్స్ 8 కి 10 అంగుళముల పలకపై తీసెను. రెండవ పలక పెట్టులోపలనే సమాధుల శిలువలపై వెలుగు తొలగిపోయెను. ఆ ఒక్క పలకనుండియే అతడు దశాబ్దముల పాటు ప్రతులు తీయుచు, ఆకాశమును క్రమక్రమముగ నల్లబరచెను. పియానో నేర్చినవాడు గనుక, నెగటివు స్వరలిపి వంటిదనియు, ప్రతి తీయుట కచేరీ వంటిదనియు చెప్పుచుండెడివాడు.

శ్రోతలలో ఫోటోలయందు ఆసక్తి కలవారికి ఒక్క మనవి. కెమేరా పెద్దదే కానక్కరలేదు. మీరు తీసిన దృశ్యమును అరచేతి తెరపై చూపి ఊరకొనక, కాగితముపై అచ్చొత్తించి నలుగురు మిత్రుల ముందు పెట్టుడు. బాగున్నదా అని అడుగవలదు. మీ చూపు మొదట ఎచటికి పోయినది, పిదప ఎచట నిలిచినది, నీడలో ఏమి కనబడుచున్నది, ఏది తీసివేసినను లోటుండదు అని అడుగుడు. వారు చెప్పునంతసేపు సమాధానము చెప్పక వినుడు. మరల ఆ చోటికే పోయి, మరియొక వేళ, మరియొక వెలుగులో నిలిచి చూడుడు.

ఇది వేడుక కొరకు మాత్రమే చెప్పుట లేదు. హైదరాబాదు చుట్టునున్న శిలాగుట్టలు ఎన్నో భవనములకు చోటిచ్చి కనుమరుగైనవి. ఒకనాటి చెరువుగట్లు అనేకము నేడు వీధులైనవి. మీ ఊరి గుట్ట చిత్రము వెనుక ఊరి పేరు, నిలిచిన చోటు, తేదీ వ్రాసి, ఒక ప్రతి మీ వద్ద ఉంచుకొని, మరియొక ప్రతి పాఠశాలకో గ్రంథాలయమునకో ఇండు. రేపు ఆ గుట్ట ఎట్లుండెనని పిల్లలు అడిగినప్పుడు చూపుటకు అది ఉండును.