ఎదకు రాని గేదెను అమ్మేముందు



సంఘం లోనుతో కొన్న గేదె ఎదకు రాకపోతే చూడి కట్టదు, పాలుండవు. వాయిదా మాత్రం ఆగదు. గొడ్డుబోయిందని బేరగాడికి తక్కువకే ఇచ్చేస్తాం. తొందరపడకండి.

గేదె మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథికి, అండాశయానికి సంబంధం ఉంది. మేతలో అయోడిన్ తక్కువై థైరాయిడ్ మందగిస్తే ఎద సరిగా కనపడదు. మూగ ఎదకు ఇదొక కారణం.

ఎద సుమారు 21 రోజులకోసారి వస్తుంది. తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. పెద్ద గేదెకు దాణాలో రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కలపండి. పశువుల డాక్టరు పరీక్ష చేశాకే అమ్మకం మాట.

మనలోనూ అంతే. గర్భం వస్తే ఈస్ట్రోజన్ పెరిగి థైరాయిడ్ హార్మోను ఎక్కువ కావాల్సి వస్తుంది. థైరాయిడ్ మాత్రలు వాడే చెల్లెళ్లు గర్భమని తెలియగానే డాక్టరుకు చెప్పండి. మాత్రలు మాత్రం మానొద్దు.