సంఘము సొత్తు ఎవరిది?

(కుసుమంచిలో గ్రంథాలయాభిమానుల సభయందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



ఈ యూరి గణపేశ్వరాలయమును, ముక్కంటేశ్వరాలయమును చూడవచ్చువారు కాకతీయుల నాటి శిల్పమును మెచ్చుకొని పోవుదురు. నాకు, వృత్తిదోషముచేత కాబోలు, ఆ కాలపు దానశాసనములే ముందుగా జ్ఞప్తికి వచ్చును. ఇచ్చినవాడెవ్వడు, ఇచ్చిన భూమి యేది, ఏ కార్యమునకిచ్చెను అను సంగతి అందఱు చూచునట్లు ఱాతిపై చెక్కించుట అప్పటి మర్యాద. నేడు మన సంఘముల లెక్కలు కార్యదర్శిగారి బీరువాలో నున్నవి. తాళముచెవి ఆయన జేబులో నున్నది.

నిజాము పరిపాలనలో గస్తీ నిషాన్ 53 వచ్చిన పిమ్మట సభ జరుపుటకు సైతము సర్కారు అనుమతి కావలసి యుండెను. ఆ దినములలోనే 1934లో ఆంధ్రమహాసభ మన ఖమ్మమున జరిగినది. అంతకు మున్నే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నేడట్టి నిర్బంధము లేదు. ఏడుగురు కూడి, ఉద్దేశపత్రమును నియమావళిని వ్రాసి దాఖలు చేసినచో 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టముక్రింద సంఘమేర్పడును. ఇంత చౌకగా దొరికిన హక్కు గనుకనే దానిని ఇంత చులకనగా చూచుచున్నాము.

న్యాయస్థానములలో నేను మాటిమాటికి చూచు వ్యాజ్యమొకటి కలదు. ఊరివారు చందాలు వేసికొని గ్రంథాలయమునకో, విద్యార్థుల వసతిగృహమునకో స్థలము కొందురు. సంఘమింకను నమోదు కాలేదు. “అధ్యక్షులవారి పేర వ్రాయింతము, ఆయన ధర్మాత్ముడు” అందురు. ఆయన ధర్మాత్ముడే. కాని ఆయనకు కొడుకులున్నారు, అల్లుండ్రున్నారు. స్థలము ధర యేటేట పెరుగుచున్నది. ఆయన గతించిన పిమ్మట చూడగా దస్తావేజులో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు తప్ప సంఘము ఊసే లేదు. చందాదారులు సాక్ష్యమునకు వత్తురు. రశీదులేవని యెదుటి వకీలు అడుగును. రశీదులు లేవు! సొమ్ము మాది, పేరు మాత్రమే ఆయనది అందమా, 1988 నాటి బేనామీ చట్టము అడ్డుతగులును. ఆయన ధర్మకర్తగా మాత్రమే పట్టియుండెనని రుజువు చేయు భారము సంఘముపై పడును. ఇందు దొంగ యెవ్వడును లేడు. అయినను ఊరి సొత్తు పోయినది.

నమోదైన సంఘము చట్టము దృష్టిలో ఒక ప్రత్యేక వ్యక్తి. తన పేర ఆస్తి కొనగలదు, దావా వేయగలదు. సభ్యులు మారినను, మరణించినను అది నిలుచును. రద్దయినను మిగిలిన సొత్తును సభ్యులు పంచుకొనరాదు. ఇందుకు బదులుగా చట్టము కోరునది స్వల్పము: ఏటేట సర్వసభ్యసభ, సరియైన లెక్కలు, సభ జరిగిన 15 దినములలో కార్యవర్గము పట్టికను రిజిస్ట్రారునకు పంపుట. ఈ పట్టిక పంపుట గుమాస్తాపని యని మనవారి తలంపు. రెండు వర్గములేర్పడి ఇద్దఱధ్యక్షులు తేలిన దినమున దాని విలువ తెలియును. ఎవరి పట్టిక దాఖలైనదని కోర్టు మొదట అడుగును. అయిదేండ్ల తీర్మానములు ఒకే సిరాతో, ఒకే కూర్చున వ్రాసిన పుస్తకమును నేను చూచితిని. న్యాయమూర్తియు చూచెను.

గాంధీగారు 1894లో నేటాలు ఇండియన్ కాంగ్రెసును స్థాపించినప్పుడు ఎంత చిన్న చందాకైనను రశీదు ఈయవలసినదే యని పట్టుబట్టిరి. ప్రజాసంస్థలకు శాశ్వతనిధి యుండరాదనియు, ఏనాటి చందాలతో ఆనాడు బ్రదుకవలెననియు ఆయన పిదప తేల్చుకొనిరి. మొదటి మాటను శిరసావహింతును. రెండవది పల్లెటూరి గ్రంథాలయమునకు పొసగదని నా మనవి. పుస్తకములకు కప్పు కావలయును, కప్పుకు స్థలము కావలయును.

ఇక భద్రాచలపు మన్యమునకు సేవకై పోదలచువారికొక మాట. అక్కడ 1/70 చట్టమని జనులు చెప్పుకొను భూమి నిబంధన యమలులో నున్నది. గిరిజనేతరుల పేర భూమి బదలాయింపు చెల్లదు. మీ యుద్దేశము ఎంత పవిత్రమైనను చెల్లదు. ఆ రక్షణను ధర్మకార్యము పేర తప్పించుకొనజూచుట ధర్మము కాదు. విశాఖ మన్యములో గనుల కౌళ్లపై పోరాడి 1997లో సుప్రీముకోర్టున గెలిచినది ‘సమత’ యను స్వచ్ఛందసంస్థయే కదా! గిరిజనుల భూములను ప్రభుత్వము సైతము ప్రైవేటు కంపెనీలకు గనులకై ఈయరాదని యా తీర్పు. అట్టి వ్యాజ్యమునకు దిగు సంస్థ లెక్కలను ప్రత్యర్థులు భూతద్దముతో వెదకుదురు. విదేశపు సొమ్ము పుచ్చుకొనువారైతే 2010 నాటి చట్టముక్రింద వేఱుగా నమోదు కావలయును. 2020 సవరణ ననుసరించి ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ముఖ్యశాఖలోని ఖాతాకే రావలయును. పొరపాటున ఇంటిఖాతాకు తెప్పించుకొంటిమను మాట అక్కడ చెల్లదు.

మీ సంఘము స్థలపు దస్తావేజును రేపే తెప్పించి చదువుడు. ఒకరి పేర నున్నచో, ఆ పెద్దమనిషి జీవించి యుండగనే, ఆయన చేతనే సంఘము పేర వ్రాయించి రిజిస్టరు చేయింపుడు. స్టాంపు ఖర్చుకు చందా వేయుడు. ఆ చందాకును రశీదు ఇండు.