రిమోట్ ఎవరి చేతిలో ఉంది?

(కాకుమానులో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈవిడ సంచిలోంచి రిమోట్లు తీసి బల్ల మీద పేరుస్తోందేమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఆస్తిహక్కు గురించీ, కూలిరేట్ల గురించీ, ఇళ్ళల్లో జరిగే హింస గురించీ మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాం. ఇంకా మాట్లాడుకోవాలి. ఇవాళ మాత్రం జానెడు పొడవున్న ఈ వస్తువు గురించి చెప్తాను. దీన్ని ఎవరికి నేర్పుతారు, ఎవరికి నేర్పరు అనేదాంట్లో మన ఇళ్ళ సంగతి చాలా ఉంది.

2023 సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అబ్బాయి ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టి వెళ్ళాడు. పెద్ద టీవీ, సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయరు, ఆంప్లిఫయరు, గది చుట్టూ అయిదు స్పీకర్లు, మూలన ఒక వూఫరు. నాలుగు రిమోట్లు. కొన్న డబ్బులో సగం వాడిది, సగం నేను గేదెల మీద కూడబెట్టిన పాల డబ్బు. వాడడం మాత్రం వాళ్ళ నాన్నకి నేర్పాడు. ఆ సమయానికి నేను పొయ్యి దగ్గర అరిసెలు వండుతున్నాను. నన్ను కావాలని వదిలేశారని అనను. పిలవాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

ఆ ఏడాది డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ముందురోజు సాయంత్రం మా ఆయన పనిమీద గుంటూరు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. కోసిన వరి చేలో ఉంది. ఇంట్లో నేనూ, ఎనభై ఏళ్ళ మా అత్తగారూ. నా దగ్గరున్నది బటన్ల ఫోను. టీవీ పెడితే బొమ్మ వచ్చింది గానీ మాట రాలేదు. వార్తలు చదివే అమ్మాయి నోరు కదులుతోంది, మాకేమీ వినపడదు. శబ్దమంతా ఆంప్లిఫయరు గుండా వస్తుందని, దాన్ని వేరే రిమోట్‌తో వేసి, సరైన దారికి మార్చాలని నాకు తెలియదు. టీవీ రిమోట్ మీద శబ్దం బటన్ ఎంత నొక్కినా లాభం లేకపోయింది. చివరికి తెర కింద పరుగెత్తే అక్షరాలను గట్టిగా చదివి మా అత్తగారికి వినిపించాను. కరెంటు పోయేదాకా అదే పని.

నా డబ్బుతో కొన్న వస్తువు నా ఇంట్లోనే నాకు మూగదైపోయింది. ఆ రాత్రే అనుకున్నాను, ఇది నేర్చుకోవాలని.

వానలు తగ్గాక బాపట్ల వెళ్ళి, నాలుగు రిమోట్ల పని ఒక్కటే చేసే యూనివర్సల్ రిమోట్ అడిగాను. దుకాణంలో కుర్రవాడు, "ఇది మీకు కష్టం ఆంటీ, అంకుల్‌ని రమ్మనండి" అన్నాడు. "అంకుల్‌కి వద్దు నాయనా, నాకే కావాలి" అని కొనుక్కొచ్చాను. వాడే తీరు రాసిన కాగితం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నేను చదివింది పదో తరగతి. కూడబలుక్కుంటూ మూడు రాత్రులు కూచున్నాను.

అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. రిమోట్ కొసన ఉన్న చిన్న బల్బు కంటికి కనిపించని పరారుణ కాంతిని మిణుకుమిణుకుమని విసురుతుంది. ఆ మిణుకుల వరస ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. యూనివర్సల్ రిమోట్‌లో చాలా కంపెనీల వరసలు ముందే దాచి ఉంటాయి. మన టీవీది ఏదో దానికి మనం చెప్పాలి. నా రిమోట్‌కైతే, ముందు టీవీ వేసి ఉంచి, సెట్ బటన్ ఎర్ర దీపం నిలిచేదాకా నొక్కిపట్టాలి. తర్వాత టీవీ అన్న బటన్, ఆపైన కాగితంలో మన కంపెనీ పేరు ఎదురుగా ఉన్న అంకెలు. దీపం ఆరితే శబ్దం పెంచి చూడాలి. కుదరకపోతే అదే కంపెనీ కింద ఉన్న ఇంకో అంకె. మా టీవీకి మూడో అంకె పనిచేసింది.

ఆంప్లిఫయరుకి ఏ అంకే పలకలేదు. దానికి రెండో దారి ఉంది. పాత రిమోట్, కొత్త రిమోట్ ముక్కూముక్కూ ఎదురెదురుగా నాలుగు వేళ్ళ ఎడంలో పెట్టి, కొత్తదాన్ని నేర్చుకునే స్థితిలో ఉంచి, పాతదాని బటన్ నొక్కితే కొత్తది ఆ వరసను పట్టేస్తుంది. ఒక్కో బటన్‌కీ ఇలాగే చెయ్యాలి. పాత రిమోట్ అసలు పనిచేస్తోందా అన్న అనుమానం వచ్చి, పక్కింటి పిల్ల సెల్‌ఫోను ముందు కెమెరాలోంచి చూశాం. బటన్ నొక్కినప్పుడల్లా కొసన ఊదారంగు వెలుగు కనపడింది. చివరగా శబ్దం బటన్లు ఎప్పుడు నొక్కినా ఆంప్లిఫయరుకే పోయేట్టు చేశాను. ఆ రాత్రి స్పీకర్లలోంచి మాట వచ్చినప్పుడు మా అత్తగారు, "ఇంతేనా! దీనికా మనం ఏడాదిపాటు వాళ్ళ మొహాలు చూసింది?" అన్నారు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు, ఒక్క దేశం కథా కాదు. డేవిడ్ మోర్లీ అనే పరిశోధకుడు దక్షిణ లండన్‌లో 18 కుటుంబాలతో మాట్లాడి 1986లో ఒక పుస్తకం వెలువరించాడు. ఆ ఇళ్ళల్లో రిమోట్ ఎక్కువగా మగవాళ్ళ చేతిలోనే ఉండేది. ఆన్ గ్రే అనే ఆవిడ ఉత్తర ఇంగ్లండు స్త్రీలను, మీ ఇంట్లో యంత్రాలకు గులాబీ, నీలం రంగులు వేస్తే ఏది ఏ రంగు అని అడిగింది. ఇస్త్రీపెట్టె గులాబీ. బట్టలుతికే యంత్రం పైకి గులాబీ, లోపలి మోటారు నీలం. వీడియో టైమరు నీలం, రిమోట్ అంతకంటే ముదురు నీలం. మరి మనమో? మిక్సీ, గ్రైండరు, కుట్టుమిషను నడుపుతాం. కుట్టుమిషను దారం తెగితే ఎక్కడ తప్పుందో చేత్తో తడిమి చెప్తాం. అలాంటి మనకి యంత్రాలు అర్థం కావని చెప్పింది ఎవరు? మనం నమ్మింది ఎందుకు?

అయితే ఆన్ గ్రే ఇంకో మాట కూడా చెప్పింది. కొందరు స్త్రీలు వీడియో నడపడం కావాలనే నేర్చుకోలేదు. నేర్చుకుంటే ఇంటిల్లిపాదికీ రికార్డు చేసిపెట్టే పని కూడా తమ నెత్తినే పడుతుందని వాళ్ళకి తెలుసు. ఆ మాట ఎంత నిజమో నాకూ అనుభవమయ్యింది. నేను నేర్చుకున్న నెలకల్లా, నేను అన్నం వారుస్తుంటే ముందుగదిలోంచి "ఏమే, సౌండు రావట్లేదు, ఓసారి ఇట్రా" అని కేక. నిన్నటిదాకా నాకు నేర్పనివాళ్ళు ఇవాళ తాము నేర్చుకోరట! తెలియనప్పుడు చేతకానిదాన్ని, తెలిశాక చాకిరీ మనిషిని.

అందుకని నేనొక పని చేశాను. అంకెలు, బటన్ల వరస, అన్నీ తెలుగులో ఒక నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్కన వేలాడదీశాను. మా ఆయన్ని కూచోబెట్టి చదివించి, ఆయన చేతే చేయించాను. రెండు రోజులు విసుక్కున్నారు. మూడో రోజు తనే పెట్టుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో రిమోట్ సొరుగులో ఉంటుంది. అవసరమైనవాళ్ళు తీసుకుంటారు. గెలిచి లాక్కోవడం కాదు నేను కోరింది, ఒక్కరి సొత్తు కాకుండా పోవడం.

మనం నేర్చుకోవాలి, నిజమే. దాంతోపాటు ఆ పని ఎవరి వంతో మాట్లాడుకునే హక్కూ మనకుండాలి. మన డబ్బు తీసుకుని అమ్మే వస్తువుతో మన భాషలో నాలుగు ముక్కలు రాసిన కాగితం ఇమ్మని దుకాణంలో అడగాలి. ఒక్కరం అడిగితే నవ్వుతారు. సంఘమంతా అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

వచ్చే నెల సమావేశానికి మీ ఇళ్ళల్లో ఉన్న రిమోట్లు తీసుకుని రండి. మగవాళ్ళు అడిగితే రిపేరుకని చెప్పకండి. నేర్చుకోవడానికని చెప్పండి. నోటుపుస్తకం, కొత్త బ్యాటరీలు నేను తెస్తాను.

సెలవు.