పెరటిలో పాత బండి

పాత ఇనుము కొనువాడు కేక వేయుచు వీధిలో పోవునప్పుడు ఇంటింటను ఒక లెక్క మొదలగును. చిల్లుపడిన బిందె, కాలు విరిగిన కుర్చీ, పిల్లవాడు తొక్కి మూలవేసిన సైకిలు: వీటిని గూర్చి ఎవరును రెండు నిమిషములకు మించి ఆలోచింపరు. పెరటిలో నిలిచిపోయిన పికప్పు బండి విషయమున మాత్రము ఆ లెక్క అంత తేలికగా తెగదు. తూకమునకు అమ్మినచో కొంత సొమ్ము చేతికి వచ్చును, పెరడు ఖాళీయగును. బాగుచేసికొన్నచో సొమ్ము పోవును, సెలవుదినములు పోవును, కాని ఒక బండి మిగులును.

ఉక్కునగరమున ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత కలదు. ఇచ్చటి కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను పేర్లుగల మూడు బ్లాస్టు ఫర్నేసులు ఉన్నవి. వాటిలో కరగిన ఇనుమును కన్వర్టరులో పోసి ఆక్సిజను ఊదునపుడు మితిమీరిన వేడి పుట్టును. ఆ వేడిని పీల్చుకొనుటకు తుక్కును కూడ అందులో వేయుదురు. తుక్కు కరగి మరల ఉక్కగును. వీధిలో అమ్మిన ప్రతి ముక్కయు ఆ కన్వర్టరుకే చేరునని కాదు. ఏ చిన్న విద్యుత్కొలిమికి పోయినను ఫలితము ఒక్కటే: బండి నశింపదు, ఎవరి మేడలోనో చువ్వయై నిలుచును. ఈ వాదము చేసియే మా ఇంటిలో సగముమంది దానిని అమ్మివేయవలెనని పట్టుపట్టిరి.

ఆ బండి టెల్కోవారు 1988లో విడుదలచేసిన టాటామొబైల్ 206 రకమునకు చెందినది. మా మామగారు చిన్న కాంట్రాక్టరు. కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినను, పనులు ముమ్మరముగా సాగి అది జాతికి అంకితమగునప్పటికి 1992 వచ్చినది. ఆ కట్టుబడి సాగిన చివరి సంవత్సరములలో కొన్న బండి యిది. ‘ఏపీ 31’ అక్షరములు గల ఫలకముతో ఇసుక, కంకర, కొయ్య, కూలీల భోజనపు క్యారియరులు అన్నియు మోసినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిననాడు వేపకొమ్మ ఒకటి దాని నెత్తిపై విరిగిపడెను. అప్పటినుండి అది కదలలేదు. ఇప్పుడు మా బావమరిదికి అది కావలసి వచ్చినది. అతడు మొక్కల నర్సరీ నడుపుచున్నాడు. మొక్కలను చేరవేయు బాడుగలకే లాభములో పెద్దపాలు పోవుచున్నది. కొత్త బండికి అప్పుచేయు ధైర్యము లేదు. కనుక ఇది వినోదమునకు చేయు పనిగా మొదలు కాలేదు. బండి పరీక్షకు నిలిచినచో అతని వ్యాపారము నిలుచును. నిలువనిచో మేము పెట్టిన సొమ్ము కూడ తుక్కుతో పోవును.

పికప్పు అను ఈ జాతిది పెద్ద వంశమే. 1925లో అమెరికాలో ఫోర్డు కంపెనీ తన ‘మోడల్ టి’ కారు వెనుకభాగమున చిన్న తొట్టి అమర్చి 281 డాలర్లకు అమ్మినది. అంతకుముందు రైతులు కారును కోసి తామే తొట్టి బిగించుకొనెడివారు. మన దేశమున 1947లో మహీంద్రావారు జీపులు బిగించుట మొదలుపెట్టిన పిమ్మట ఆ జీపులకును అదే గతి, లేక అదే గౌరవము, పట్టినది. టాటామొబైల్ కూడ ఊరక పోలేదు. 1991లో వచ్చిన సియెర్రా కారు దీని పునాదిపై లేచినదే. ఇంటివద్ద పనిచేయదలచినవారికి ఈ తరము బండ్లలో గొప్ప సౌకర్యము ఒకటి గలదు. నిచ్చెనవంటి ఛాసీ వేరు, దానిపై కూర్చున్న శరీరము వేరు. నట్టులు విప్పినచో ఒకదానినుండి ఒకటి విడివడును. ఇంజనుపై పెత్తనము చేయు కంప్యూటరు లేదు. పానాలు, సుత్తి, ఓపిక ఉన్నవానికి ఇందులో చేయదగిన పని చాల కలదు.

మొదట చేయవలసినది ఛాసీని వినుట. చూచుట చాలదు, వినవలెను. తుప్పు పుట్టుటకు ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజను కావలెను. విశాఖపట్టణమున నాలుగవ సరకు కూడ ఉచితముగా లభించును, అది ఉప్పు. కడలిగాలితో వచ్చిన ఉప్పు లోహముపై పలుచని పొరయై నిలిచి తేమను పీల్చును. ఉప్పునీటిగుండ విద్యుత్తు సులువుగా ప్రసరించును గనుక తుప్పుపని వేగిరపడును. పైగా తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెట్టింపునకు మించిన చోటు ఆక్రమించును. రెండు రేకులు కలిసిన అతుకులో అది పుట్టినచో ఉలి దిగగొట్టినట్లు ఆ రేకులను విడదీయును. వెలుపల రంగు నిగనిగలాడుచుండగనే లోపల ఈ పని జరిగిపోవును.

కావున చిన్న సుత్తి తీసికొని ఛాసీ పొడుగునను తట్టుచు పోవలెను. గట్టి ఉక్కు గంటవలె పలుకును. తిన్నచోట మొద్దుధ్వని వచ్చును. సంతలో కుండను తట్టి కొను ఇల్లాలికి ఈ విద్య ఎవరును నేర్పనక్కరలేదు; మా ఇంటను మాకంటె ముందుగా ఆ తేడా పట్టినది మా అత్తగారే. ముఖ్యముగా తట్టవలసిన చోట్లు కమానుకట్టలు బిగించిన కొక్కెములు, స్టీరింగు పెట్టె కూర్చున్నచోటు, చక్రములవెనుక బురద చిమ్మెడి తావులు, బ్యాటరీ క్రింది పళ్లెము. పళ్లెము పోయినచో మార్చవచ్చును. కొక్కెములవద్దను స్టీరింగువద్దను ఛాసీయే చివికినచో మా సలహా ఒక్కటే: పాత ఇనుమువానిని పిలువుడు. ఆ చోట అతుకువేసిన బండిని రోడ్డుమీదికి తెచ్చుట ఎదుటివాని ప్రాణముతో ఆడుకొనుటయే. మా బండికి అడ్డకమ్మి ఒకటి మాత్రము పోయినది. మూలస్తంభములు చల్లగా ఉన్నవి.

పాతబండి కొనదలచినవారు ఒక అయస్కాంతపు ముక్కను జేబులో వేసికొని పోవుట మంచిది. చిల్లులకు పుట్టీ కూరి, గీసి, రంగుపూసి అమ్మువారు ఉన్నారు. ఉక్కురేకును అయస్కాంతము పట్టుకొనును, పుట్టీని పట్టుకొనదు. అమ్మకందారు ఎంత తీయగా మాటాడినను అది మొగమాటపడదు.

ఇక రేకు సంగతి. కొమ్మపడి అణగిన పైకప్పునకును, చిల్లులుపడిన నేలకును రేకు కావలసివచ్చినది. ఉక్కునగరమున ఉక్కురేకునకు కొదువా యని బంధువొకరు నవ్విరి. నిజమేమనగా, మన కర్మాగారము చేయునవి చువ్వలు, తీగచుట్టలు, కోణములు, చానళ్లు మొదలగు పొడుగు సరకులు. బండి చెక్కిళ్లకు పనికివచ్చు పలుచని రేకు రూర్కెలా, బొకారో వంటి చోట్లనుండి రావలసినదే. మూడు ఫర్నేసుల వెలుతురు ఆకాశమున కనబడు ఊరిలో మేము పరాయి ఊరి రేకు కొని గాజువాకకు మోసితిమి. అచ్చటి ఆటోనగరులో టింకరింగు పని చేయు పెద్దాయన ఒకరు కొలబద్దయైన వాడక చేతివ్రేళ్లతో ఒంపు తడవి, ఇసుకసంచిపై రేకును పరచి కొయ్యసుత్తితో కొట్టి, ఆ ఒంపును అట్లే దింపినారు. అది పుస్తకములో నేర్చు పని కాదు. ఇప్పటి బండ్లకు దెబ్బతగిలినచో ఆ భాగమునే తీసి కొత్తది బిగించుచున్నారు గనుక ఆయనవద్ద నేర్చుకొనుటకు వచ్చు కుర్రవాండ్రు లేరు. మా పిల్లవానిని నాలుగు ఆదివారములు ఆయనవద్ద కూర్చుండబెట్టితిమి. సుత్తి ఎంత మెల్లగా కొట్టవలెనో మాత్రము వానికి తెలిసినది.

రంగు గీకునపుడు ఒక జాగ్రత్త. వెనుకటిరోజులలో తుప్పునకు విరుగుడుగా సీసపు సిందూరము పూసెడివారు. పాతరంగుల ధూళిలో సీసముండవచ్చును. అది పిల్లలకు మిక్కిలి చెడ్డది. పొడిగా గీకక తడిపి గీకవలెను. ముక్కునకు తగిన ముసుగు కట్టుకొనవలెను. ఊడ్చిన ధూళిని పెరటి మొక్కల పాదులలో పోయరాదు.

ఇంజను రెండు లీటర్లకు కొంచెము తక్కువైన నాలుగు సిలిండర్ల డీసెలుది. పదేండ్లు నిలిచిన ఇంజనును వెంటనే బ్యాటరీతో త్రిప్పబోవుట పెద్ద అపచారము. పిస్టను రింగులు సిలిండరు గోడకు పట్టుకొనియుండును; బలవంతము చేసినచో విరుగును. ఇంజెక్టరులు తీసి, ఆ రంధ్రములగుండ డీసెలు కలిపిన ఇంజను నూనె కొంచెము పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, పిమ్మట క్రాంకు పుల్లీ నట్టునకు పెద్ద పానా తగిలించి చేతితో మెల్లగా త్రిప్పవలెను. మాది ఆరవనాడు వ్రేలెడు కదలినది. ఆ సాయంకాలము మామగారు కుర్చీ పెరటిలోనికి వేయించుకొనిరి. తరువాత ట్యాంకులోని జిడ్డు కడిగి, ఫిల్టరులు మార్చి, గొట్టములలోని గాలిని తీసితిమి. డీసెలు ఇంజనునకు గాలిబుడగ గొంతులో ముల్లువంటిది. ఫిల్టరుపైనున్న మర వదులుచేసి, చేతిపంపు నొక్కుచుండగా బుడగలు పోయి చమురు ధారగా వచ్చునప్పుడు మర బిగింపవలెను. ట్యాంకునకు చిల్లుపడినచో ఇంటివద్ద అతుకు పెట్టింపరాదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటె అపాయకరము. లోపల మిగిలిన ఆవిరి నిప్పురవ్వకై కాచుకొనియుండును.

బ్రేకులవద్ద మేము చేయి ముడుచుకొంటిమి. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చును. ఆ నీరు చక్రములవద్ది చిన్న సిలిండరులను, ఉక్కుగొట్టములను లోపలినుండి తినును. వాటిని విప్పి చూచుట ఎవరైనను చేయగలరు. కాని ఒక గొట్టము సరిగా బిగిసినదో లేదో ఔత్సాహికునికి తెలియునది హనుమంతవాక దిగుడులో. కావున గొట్టములు, రబ్బరు గిన్నెలు, నూనె అన్నియు కొత్తవి కొని, వృత్తిలో పండినవానిచేత బిగింపించితిమి. కొందరు మిత్రులు ఇది పిరికితనమనిరి. ఆ మాట మాకు పట్టలేదు. అట్లే జాకీ ఒక్కదానినే నమ్మి బండిక్రింద దూరరాదు. జాకీ ఎత్తుటకే, మోయుటకు కాదు. గట్టినేలపై ఉక్కుస్టాండులు నిలిపి, బండిని కదిపి చూచి, అటుపిమ్మట తల దూర్పవలెను.

పానా పట్టుటకు ముందే చేయవలసిన పని రవాణాశాఖ కార్యాలయమునకు పోయి కాగితములు చూపుట. నమోదు రద్దయినదా, బకాయిలున్నవా, ఇంజను ఛాసీ అంకెలు పుస్తకముతో సరిపోలుచున్నవా యని తేల్చుకొనక చేసిన ఖర్చు బూడిదలో పన్నీరగును. ఏబది ఏండ్లు దాటిన సొంతవాడుక బండ్లకు 2021లో ‘వింటేజి’ తరగతి ఏర్పడినది, కాని వాటిని నిత్యము త్రిప్పరాదు, బాడుగకు వాడరాదు. మా బండికి ఆ వయస్సును లేదు, అట్టి జీవనమును కాదు. సరకుబండికి ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట ఏటేట యోగ్యతాపత్రము పొందవలెను. పదునైదేండ్లు మించినవాటికి ఆ రుసుమును 2022 ఏప్రిలు నుండి హెచ్చించిరి. బావమరిది తన లెక్కపుస్తకమున ఏటి బాడుగల ప్రక్కన ఆ రుసుమును, టైరులను, మరమ్మతులను వ్రాసి చూచుకొన్నాడు. మిగులు కొద్దిదే, కాని ఉన్నది.

పరీక్షకు పోవుటకు ఇంకను పని మిగిలియున్నది. దీపముల తీగలు సగము మార్చితిమి. ముందు అద్దముచుట్టు బిగించు రబ్బరు గాజువాకలో దొరకలేదు. అనకాపల్లిలో ఒకరు వెదకి పెట్టెదమనిరి. అచ్చట లేనిచో వచ్చే వారము విజయవాడ ఆటోనగరునకు పోవలెను.