కాటా కనబడాలి: కరోనా కాలపు ఆసుపత్రి లెక్కలు, మన అనుమానాలు

(గుంతకల్లులో జరిగిన మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు విత్తనాల గురించో, పంట బీమా గురించో మాట్లాడుకుంటామని మీరు వచ్చుంటారు. అవి మధ్యాహ్నం ఉన్నాయి. పొద్దున పూట ఆసుపత్రి గురించి మాట్లాడాలని సంఘం నిర్ణయించింది. ఎందుకంటే సభ్యుల అప్పుల వివరాలు రాసుకునేటప్పుడు బోరు పద్దు, పెళ్లి పద్దు తర్వాత మాకు మళ్లీ మళ్లీ కనబడింది ఆసుపత్రి పద్దే. "ఇదెప్పటిదన్నా?" అని అడిగితే "కరోనాలోది, ఇంకా తీరలేదు" అన్నవాళ్లు ఈ సభలోనే కూర్చున్నారు.

కరోనా పోయింది గదా, ఇప్పుడెందుకు ఈ మాట అనొచ్చు. రోగం పోయింది. అప్పు పోలేదు. అనుమానం అసలే పోలేదు. జ్వరం ముదిరినా పెద్దాసుపత్రి గడప తొక్కడానికి భయపడే ఇళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ భయం ఎక్కడ పుట్టిందో తేల్చుకోకపోతే, రేపు ఇంకో రోగం వచ్చినప్పుడు మళ్లీ ఇళ్లలోనే ప్రాణాలు పోతాయి.

జనానికి చదువు లేదు, అందుకే డాక్టర్లను నమ్మలేదు అని ఆ రోజుల్లో పెద్దలు చాలామంది అన్నారు. మేము ఒప్పుకోం. మార్కెట్ యార్డులో మనం ఎప్పుడు గొడవ పడతాం? ధర తక్కువైనప్పుడు బాధపడతాం. కాటా మనవైపు తిప్పకుండా తూకం వేసినప్పుడు మాత్రం గొడవ పడతాం. కాటా కనబడకపోతే వ్యాపారి నిజాయితీగా తూచినా మనకు నమ్మకం కలగదు. కరోనాలో ఆసుపత్రుల విషయంలోనూ జరిగింది ఇదే. బిల్లు ఎలా వేశారో కనబడలేదు. ప్రభుత్వం ఎవరికి ఎంత ఇచ్చిందో కనబడలేదు. చివరికి ఎంతమంది చనిపోయారో కూడా సరిగా కనబడలేదు. నమ్మమని మాత్రం చెప్పారు.

రేటు ఒకటి, బిల్లు ఇంకొకటి

రేట్లు లేవని కాదు. 2020లోనే మన రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో కరోనా చికిత్సకు రేట్లు కట్టింది. మామూలు వార్డులో రోజుకు 3,250 రూపాయలు. పరిస్థితి విషమిస్తే 5,480 నుంచి, వెంటిలేటర్ దాకా పోతే 10,380 వరకు. ఆ ఏడు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 5,275 రూపాయలు. అంటే వెంటిలేటర్ మీద ఒక్క రోజుకు రెండు క్వింటాళ్ల కాయ. పది రోజులుంటే ఇరవై క్వింటాళ్లు. మన మెట్ట భూముల్లో వాన సరిగ్గా పడిన ఏడు కూడా అది నాలుగైదు ఎకరాల పంట. వాన తప్పిన ఏడు దాని మాటే వద్దు. ఇది ప్రభుత్వం తగ్గించి కట్టిన రేటు సుమా!

తెలంగాణలో 2020 జూన్‌లో వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటర్‌కు 9,000 అని కట్టారు. అయితే పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు ఆ రేటులో కలవవన్నారు. ఆ ఒక్క సందు చాలు. బిల్లంతా అందులోంచే దూరిపోయింది. ఫిర్యాదులు పెరిగి, ఆ ఆగస్టులో హైదరాబాదులో రెండు పెద్ద ఆసుపత్రులకు కరోనా వైద్యం చేసే అనుమతినే అక్కడి ప్రభుత్వం రద్దు చేసింది.

మన సభ్యుడొకాయన సంగతి చెబుతాం. పేరు, ఆసుపత్రి పేరు వద్దు. 2021 మే నెలలో తమ్ముడికి ఊపిరాడక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయినాడు. ఆరోగ్యశ్రీ బెడ్లు నిండిపోయాయన్నారు. అడ్వాన్సు కట్టినాక అదే వార్డులో బెడ్డు దొరికింది. చివర్లో చేతికిచ్చిన బిల్లులో రోజుకిన్ని పీపీఈ కిట్లని రాశారు. వార్డంతా తిరిగిన నర్సు ఒక్కతే, ఆమె తొడుక్కున్నది ఒకటే కిట్టు. ప్రతి రోగి బిల్లులోనూ అది ఉంది. సంఘం తరఫున మేము పోయి అడిగితే, "కంప్యూటరు అట్లే వేస్తుంది" అన్నారు. తమ్ముడు బతికినాడు. ఆయన మాత్రం ఇప్పటికీ ఆ కిట్ల లెక్కే చెబుతాడు. డబ్బు పోయిందన్న బాధ కన్నా, కళ్లముందే మోసపోయామన్న బాధ ఆయనకు ఎక్కువ.

రెమ్‌డెసివిర్ కథ మీకందరికీ గుర్తే. ఆసుపత్రిలో చేరినవాళ్లకు దీన్ని తాము సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పింది. 2021 ఏప్రిల్‌లో కంపెనీలు ధర తగ్గించి, ఇంజెక్షను 3,500 రూపాయల లోపుకు తెచ్చాయి. అయినా చీటీ రాసి "ఎక్కడైనా తెచ్చుకోండి" అంటే, బ్లాకులో పది రెట్లు పోసి కొన్నవాళ్లున్నారు. పుస్తెలు తాకట్టు పెట్టిన అక్కకు ఆ మందు అవసరమా కాదా అని చెప్పే నాథుడు లేడు.

ఆసుపత్రి వాళ్ల లెక్క కూడా చూద్దాం

కోపంతో ఆగిపోతే పని జరగదు. ఆసుపత్రి వాళ్ల వైపు నుంచి కూడా లెక్క చూడాలి. ప్రైవేటు ఆసుపత్రి అప్పు మీద వేసిన బోరు లాంటిది. నీళ్లు పడినా పడకపోయినా వడ్డీ ఆగదు. భవనానికి, స్కానింగ్ మిషన్లకు నెలనెలా బ్యాంకుకు కట్టాలి, సిబ్బందికి జీతాలివ్వాలి. 2020 లాక్‌డౌన్‌లో మామూలు రోగులు రాలేదు, ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. చిన్న పట్టణాల్లో చిన్న డాక్టర్లు కొందరు తలుపులే మూసుకున్నారు. తర్వాత కరోనా రోగులు ఒక్కసారిగా వచ్చేసరికి, పోయిన ఆదాయమంతా ఆ రోగుల మీదే రాబట్టుకోవాలని కొందరు చూశారు. హోటళ్లను అద్దెకు తీసుకుని ఆసుపత్రులుగా మార్చారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో అట్లాంటి హోటల్లోనే మంటలు లేచి పదిమంది చనిపోయారు.

ఇక ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం మిగతా రెండు. గుండె ఆపరేషను అంటే చావే అనుకున్న ఇళ్లకు అది ప్రాణం పోసింది, ఆ మాట కాదనలేం. కరోనాను అందులో చేర్చారు. 2021లో నల్ల ఫంగస్‌ను చేర్చారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో సగం బెడ్లు కార్డుదారులకు ఇవ్వాలన్నారు. ఇప్పుడు దాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పేరు మారినా ఒక జబ్బు మాత్రం మారలేదు: బకాయిలు. ఏ పార్టీ ప్రభుత్వమున్నా డబ్బు నెలల తరబడి ఆగుతుంది, ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులిస్తాయి. ప్రభుత్వం ఆరు నెలలకు ఇచ్చే మూడు వేల కన్నా, రోగి ఇప్పుడిచ్చే ముప్పై వేలు ఆసుపత్రికి ముద్దు. "బెడ్డు లేదు" అన్న మాట అక్కడ పుడుతుంది. మన ధాన్యం డబ్బు ఆలస్యమైతే షావుకారు దగ్గరికి ఎట్లా పోతామో, అదీ అట్లాంటిదే. తేడా ఏమిటంటే, వాళ్ల ఆలస్యం భారం మళ్లీ మన నెత్తి మీదే పడుతుంది.

ప్రభుత్వాసుపత్రిని ఎందుకు నమ్మలేదు

ప్రైవేటుకు పోతే పొలం పోతుంది, ప్రభుత్వానికి పోతే ప్రాణం పోతుంది అని జనం అనుకున్న రోజులవి. ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు, స్వీపర్లు ప్రాణాలకు తెగించి పనిచేశారు. వాళ్లలో కొందరు తిరిగి ఇంటికి పోలేదు. వాళ్లకు ఈ సభ తరఫున నమస్కారం. కానీ వాళ్ల వెనక ఉండాల్సిన డబ్బు లేదు, నిజం చెప్పే అలవాటు లేదు.

2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు ఒకాయన మాస్కులు లేవని బయటికి చెబితే సస్పెండ్ చేశారు. డాక్టరు నోరే మూయించారని విన్న జనం, డాక్టరు చెప్పే మాట ఎట్లా నమ్ముతారు? 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై పదకొండు మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. అవే రోజుల్లో కర్నూలు దాటి హైదరాబాదు పోయే అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆపేశారు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకుంటే గానీ కదలలేదు. గుంతకల్లు నుంచి అనంతపురమా, కర్నూలా, బళ్లారా అని బండి స్టార్టు చేసి నిలబడిన మనకు, ఆ వార్తలు వింటే గుండె జారిపోలేదా?

చావుల లెక్క ఇంకా ఘోరం. రాష్ట్రంలో కరోనా చావులు పదిహేను వేల లోపే అని రికార్డు. మన ఊరి శ్మశానం మనకు తెలుసు. 2020, 2021 రెండేళ్లలో దేశం మొత్తం మీద 47 లక్షల అదనపు మరణాలు జరిగి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. ప్రభుత్వ లెక్క అయిదు లక్షలకు లోపు. కేంద్రం ఆ అంచనాను ఒప్పుకోలేదు. ఈ గొడవ మనకెందుకంటే, చనిపోయినవాళ్ల కుటుంబానికి 50,000 రూపాయల సాయానికి 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. పరీక్ష కాగితం లేక, ఇంట్లోనే కన్నుమూసినవాళ్ల కుటుంబాలు ఆ డబ్బు కోసం కాళ్లరిగేలా తిరిగాయి. లెక్కలో లేని చావుకు సాయం కూడా లేదు.

ఇన్ని చూసినాక, 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎందుకు పరుగెత్తారో అర్థం చేసుకోవచ్చు. ఆ మందు పనిచేస్తుందని మేము అనడం లేదు, రుజువు లేదు. కానీ అక్కడ డబ్బు అడగలేదు, అడ్వాన్సు లేదు, తయారీ కళ్లముందే జరిగింది. కాటా కనబడింది. జనం అటు పోయారు. ఆసుపత్రుల దగ్గర దొరకని నమ్మకాన్ని వాళ్లు వేరే చోట వెతుక్కున్నారు.

బత్తలపల్లి చెప్పే పాఠం

మన పాత అనంతపురం జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఈ కరువు నేలకు వచ్చి ప్రారంభించిన ఆర్డీటీ వాళ్ల బత్తలపల్లి ఆసుపత్రి. కరోనాలో ప్రభుత్వం దాన్ని కోవిడ్ ఆసుపత్రిగా తీసుకుంది. అక్కడికి పోవడానికి జనం అంతగా భయపడలేదు. కారణం ఒక్కటే: అంతకుముందే ఏళ్ల తరబడి కాన్పులకు, పిల్లల జబ్బులకు అక్కడికే పోయారు. అడ్వాన్సు కోసం గేటు దగ్గర ఆపరని తెలుసు. నమ్మకమనేది రోగం వచ్చినాక తయారయ్యే సరుకు కాదు. మంచి ఏడాదిలో గాదెలో పోసుకుంటేనే కరువు ఏడాదిలో అక్కరకొస్తుంది.

అయితే ఆ ఆసుపత్రి ఎక్కువగా విదేశాల్లోని సామాన్యుల విరాళాల మీద నడుస్తోంది. 2025లో ఆ విరాళాల అనుమతి చిక్కుల్లో పడితే జిల్లా జనం రోడ్డెక్కారు. ఒక ఆసుపత్రి కోసం జనం రోడ్డెక్కడం ఎంత గొప్పో, మన వైద్యం ఎవరి దయ మీదనో ఆధారపడటం అంత ప్రమాదం. వైద్యానికి జాతీయాదాయంలో రెండున్నర శాతం 2025 కల్లా ఖర్చు పెడతామని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో కేంద్రం రాసుకుంది. కరోనా తలుపు తట్టే నాటికి, 2019-20లో, ఒకటింబావు శాతం దాటి కాస్తంత. ఆ ఏడు దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 47 శాతం జనం సొంత జేబులోంచే పోయింది. ఆ జేబుల్లో మీదీ, మాదీ ఉన్నాయి.

మనం చేయాల్సింది

సంఘం నాలుగు మాటలు మీ ముందు పెడుతోంది.

ఒకటి, బిల్లు అడగండి. మొత్తం ఇంత అనే చీటీ కాదు, దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు. రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకు 2002 నుంచే నిబంధన ఉంది. బిల్లు బాకీ ఉందని శవాన్ని ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. కార్డు ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలవండి. ఒంటరిగా పోవద్దు, సంఘానికి కబురు చేయండి.

రెండు, వైద్య సేవ బకాయిలు ఏ ఆసుపత్రికి ఎంత, ఎన్ని నెలలది అనేది ప్రభుత్వం ప్రతి నెలా బయట పెట్టాలి. అప్పుడు ఆసుపత్రి చెప్పేది అబద్ధమో, ప్రభుత్వం చెప్పేది అబద్ధమో మనకే తెలుస్తుంది.

మూడు, గుంతకల్లు ప్రభుత్వాసుపత్రిలో ఎన్ని పోస్టులు ఖాళీ, ఏ మందులున్నాయి, ఆక్సిజన్ పనిచేస్తోందా, వచ్చిన డబ్బెంత, ఖర్చెంత అని గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో రైతులకు, కూలీలకు చోటుండాలి. ఈ వినతిపత్రం మీద ఈరోజు మీ సంతకాలు కావాలి.

నాలుగు, మనం కూడా మారాలి. అనుమానం ఉంటే అడుగుదాం, అంతేగానీ జ్వరాన్ని దాచొద్దు. నర్సు మీద, డాక్టరు మీద చెయ్యి ఎత్తొద్దు. బిల్లు వేసింది వాళ్లు కాదు, ట్యాంకరు ఆలస్యం చేసింది వాళ్లు కాదు.

యార్డులో కాటా మనవైపు తిప్పించుకోవడానికి మన పెద్దలు ఎన్ని ఏళ్లు కొట్లాడారో మీకు తెలుసు. ఎవరూ ఇష్టపడి తిప్పలేదు. ఆసుపత్రి కాటా కూడా అట్లే తిరుగుతుంది. ముందు ఆ వినతిపత్రం మీద సంతకంతో మొదలుపెడదాం.

సెలవు.