పాత మియాటాల్లో ఏది మేలు?

మాజ్దా మియాటా, రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు, 1989లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. అక్కడ మొదటి తరం కారును సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి రెండు ఇంజన్లు దొరుకుతాయి. తొలి కార్లలో 1.6 లీటర్లది, 1994 మోడల్ నుంచి 1.8. దానితోపాటు బ్రేకులు పెద్దవయ్యాయి, బాడీ గట్టిపడింది. రోజూ నడపడానికైతే నా ఓటు 1.8కే. తేలికగా ఉరికే బండి కావాలంటే 1.6 హాయి. కాకపోతే 1991 తొలినాళ్ల వరకు వచ్చిన ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముందు కొస పొట్టిది. అక్కడ అరిగి వదులయ్యే ప్రమాదముంది. ఇంజన్ తిరుగుతుండగా ఆ కొసనున్న పుల్లీ ఊగితే ఆ బేరం వదిలేయండి.

ఇంజన్ ఏదైనా సరే, తలుపు కింద, వెనక చక్రానికి ముందున్న రేకును తడిమి చూడండి. టాప్ మీది నీళ్లు పోయే దారులు పూడుకుపోతే తుప్పు అక్కడే, లోపలి నుంచి పడుతుంది. కొత్త పెయింటు చూసి తొందరపడకండి.